గవ్వను మోసిన బుట్ట

వెదురు బద్దలతో అల్లిన మూతబుట్టను నేను. నాలో ఏం పెడితే అది మోస్తాను. ఎందుకని అడిగే అలవాటు లేదు, చూసింది చెప్పే నోరు లేదు. ఈ రెండో లోటు గురించి నేను చాలాకాలం బాధపడలేదు. ఒక్క ఆదివారం ఉదయం మాత్రం, ఒక డాక్టరమ్మ బల్లమీద నేను కూర్చుని ఉన్నప్పుడు, నోరుంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

రాజమండ్రిలో మేదరవాళ్ళ వీధిలో పైడమ్మ అనే ఆమె నన్ను అల్లింది. అడుగు బిగించేటప్పుడు ఆమె బొటనవేలికి బద్ద గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, బద్దను ఒక బూతు తిట్టి, మళ్ళీ అల్లింది. అలా తిట్లతో పుట్టిన నన్ను మర్నాడే పసుపు రాసి శుభకార్యానికి వాడారు. అనంతలక్ష్మి అనే పెళ్ళికూతురికి సారె పెట్టడానికి ఆమె మేనమామ నన్ను కొన్నాడు. నా నిండా అరిసెలు, కాజాలు నింపి కాకినాడ పంపించారు. అక్కడ వీధంతా పంచిపెట్టాక నన్ను అటక ఎక్కించారు. మనుషుల మర్యాద అలాంటిది. నిండుగా ఉన్నప్పుడు తలమీద పెట్టుకుంటారు, ఖాళీ అయితే అటకమీద పెడతారు. రెండూ ఎత్తైన చోట్లే కనక నేను రెంటినీ గౌరవంగానే తీసుకున్నాను.

ఇరవై నాలుగేళ్ళు అక్కడే ఉన్నాను. పాత కేలండర్లు, చిల్లుపడిన ఇత్తడి చెంబు, ఒక ఎలుక సంసారం నాకు తోడు.

అనంతలక్ష్మి భర్త త్రినాథరావుకు జగన్నాథపురం వంతెన దాటగానే మందుల షాపు ఉంది. చుట్టుపక్కల వాళ్ళందరూ ఆయన్ని డాక్టరుగారనే పిలిచేవారు. మొదట్లో ఆయన కాదనేవాడు. తరువాత నవ్వి ఊరుకునేవాడు. ఆ తరువాత నవ్వడం కూడా మానేశాడు. చెడ్డ మనిషి కాదు. దగ్గొచ్చిన వాడి దగ్గు విని సిరప్పు ఇచ్చేవాడు, కాలు బెణికిన వాడికి తనే వంగి కట్టు కట్టేవాడు. ఆయన చెప్పిన మందు చాలామందికి పనిచేసింది. ఎవరికి పనిచెయ్యలేదో వాళ్ళు మళ్ళీ వచ్చి చెప్పలేదు.

ఒక తుఫాను వారం షాపు వెనక అట్టపెట్టెల్లో ఒక పిల్లి నాలుగు కూనలను పెట్టింది. వాన వెలిశాక మూడింటిని నోట కరుచుకుని ఎటో పోయింది. నాలుగోదాన్ని మరిచిపోయిందో, బతకదనుకుందో. త్రినాథరావు దాన్ని సెలైన్ సీసాల పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"ఇంట్లో పిల్లేంటండీ! పాలగిన్నె పైన మూత ఉండనిస్తుందా?" అంది అనంతలక్ష్మి.

"రెండ్రోజులే. కళ్ళు తెరిచాక వదిలేద్దాం."

కళ్ళు తెరిచేసరికి దానికి గవ్వ అని పేరు పెట్టింది ఆవిడే. ఒళ్ళంతా తెలుపు, వీపుమీద గవ్వకుండే గోధుమరంగు చుక్కలు. పడుకోవడానికి చోటు కావాలని నన్ను అటకమీంచి దించి, నాలో పాత చీర మడతపెట్టి వేసింది. కూతురు చదువుకని తిరుపతి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. గవ్వ వచ్చాక మళ్ళీ మాటలు మొదలయ్యాయి. "అది పొద్దున్నుంచి అన్నం ముట్టలేదండీ" అని ఆవిడా, "నీ కూతురు నా చొక్కామీద పడుకుంది చూడు" అని ఆయనా. మూడేళ్ళు అలా గడిచాయి.

ఆ శుక్రవారం గవ్వ ఏదో గండుపిల్లితో కొట్లాడి వచ్చింది. వీపుమీద పంటిగాటు. శనివారం పొద్దున్నే అనంతలక్ష్మి సామర్లకోటలో అక్కగారి మనవడి బారసాలకు వెళ్ళింది. ఆవిడ వెళ్ళాక గవ్వ నాలో ముడుచుకు పడుకుంది. త్రినాథరావు చెవులు పట్టుకు చూశాడు. కాలిపోతున్నాయి.

షాపుకు వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. చేతిలో పసిపిల్లలకు వేసే జ్వరం చుక్కల మందు. నాలుగు కిలోల బిడ్డకు ఎన్ని చుక్కలు వెయ్యాలో ఆయన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. గవ్వ కూడా నాలుగు కిలోలే. తల నిమిరి, దవడ పక్కనుంచి చుక్కల గొట్టం దూర్చి, మందు వేశాడు. అది తల విదిలించింది. "తాగమ్మా, తియ్యగానే ఉంటుంది. సాయంత్రానికి నువ్వే గెంతుతావు" అన్నాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు మళ్ళీ వేశాడు. చీకటిపడే వేళకు మూడోసారి, ఇంకా తగ్గలేదని కాస్త ఎక్కువే వేశాడు.

ప్రేమగానే వేశాడు. దగ్గరుండి చూశాను కనక ఆ మాట చెప్పగలను.

అనంతలక్ష్మి తిరిగొచ్చి అడిగితే "కాస్త నలతగా ఉంది, తగ్గిపోతుందిలే" అన్నాడు తప్ప మందు సంగతి చెప్పలేదు. తెల్లారి అది లేచి తిరుగుతుంటే అప్పుడు చెబుదామనుకుని ఉంటాడు. మనుషులు తాము చేసిన మంచిని ఫలితంతో కలిపి చూపించడానికి ఇష్టపడతారు.

ఆదివారం ఉదయం ఆరింటికి అనంతలక్ష్మి నా మూత తీసింది.

"ఏవండీ! ఒకసారి రండి! దీని మొహం చూడండి, ఇది మన గవ్వేనా?"

మొహం ఉబ్బిపోయి కళ్ళు గీతల్లా అయ్యాయి. ముందుకాళ్ళు వాచాయి. కుక్కలా నోరు తెరిచి రొప్పుతోంది. పిల్లి అలా రొప్పడం నేనెప్పుడూ చూడలేదు. కింద వేసిన చీర కాఫీ డికాషన్ ఒలికినట్టు తడిసి ఉంది. అది దాని మూత్రం. అనంతలక్ష్మి పెదవి పైకెత్తి చూసింది. గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్ళు మట్టిరంగులో ఉన్నాయి.

త్రినాథరావు నా మూత వేసి, అంచులకు తాడు బిగించి, స్కూటరు తీశాడు.

పశువుల డాక్టర్ షాహిదా గాంధీనగర్‌లో ఉంటుంది. కింద క్లినిక్కు, పైన ఇల్లు. ముప్పై ఏళ్ళుంటాయేమో. తలకు చుట్టుకున్న తువ్వాలు అలాగే ఉంచి మెట్లు దిగింది. గవ్వను చూసీ చూడగానే ఆక్సిజన్ గొట్టం తెచ్చి దాని ముక్కు దగ్గర పట్టుకోమని అనంతలక్ష్మి చేతికిచ్చింది. సూదితో ఒక చుక్క రక్తం తీసి తెల్లకాగితంమీద వేసింది. ఒక నిమిషం చూసింది. ఆ చుక్క ఎర్రబడలేదు, చాక్లెట్ రంగులోనే ఉండిపోయింది.

"రక్తం ఊపిరిని మొయ్యడం మానేసిందమ్మా. ఏదో విషం వెళ్ళింది. ఉల్లిపాయలేమైనా తిందా?"

"లేదమ్మా. అన్నం, చేపముక్కలు, అంతే."

"ఎలకల మందు?"

"మా ఇంట్లో వాడం."

"మనుషుల మందులేమైనా వేశారా? జ్వరం మందు? ఒక్క బిళ్ళ చాలు, పిల్లుల్ని చంపేస్తుంది. వాటి ఒంట్లో దాన్ని విరిచే శక్తి ఉండదు."

అనంతలక్ష్మి తిరిగి భర్త మొహం చూసింది. అడగడానికి కాదు, ఆ ఇంట్లో మందుల సంగతి ఆయనదే కనక. నేను ఆయన మోచేతికి ఆనుకునే ఉన్నాను. ఆ చెయ్యి చల్లబడటం నాకు తెలిసింది.

"నేను ముప్పై ఏళ్ళ నుంచీ మందుల షాపు నడుపుతున్నానండి" అన్నాడు.

అడిగినదానికి అది జవాబు కాదు. కానీ ఆ మాటలో ఎంత బరువుందంటే, డాక్టరమ్మకు అది జవాబులాగే వినిపించింది. "సారీ అండీ, అడగడం మా పని" అంది. అదిగో, అప్పుడే నాకు నోరు కావాలనిపించింది.

"కారణం తెలిస్తే విరుగుడు వేద్దును. తెలియకుండా గుడ్డిగా వెయ్యలేను. ఇక్కడ నా దగ్గర రక్తం ఎక్కించే ఏర్పాటు కూడా లేదు" అని విశాఖపట్నంలో తనకు తెలిసిన పెద్ద పశువైద్యశాలకు ఫోన్ చేసింది. చిన్న ఆక్సిజన్ సిలిండరు ఇచ్చి, అది ఎలా తిప్పాలో చూపించి, కారు మాట్లాడి పంపించింది. "ఆగకండి. మూడు గంటల్లో చేరాలి" అంది.

నేను వెనకసీట్లో అనంతలక్ష్మి ఒళ్ళో ఉన్నాను. గవ్వ ఊపిరి నా బద్దలకు తగులుతోంది. లోపలికి వెళ్ళినంతసేపు లేదు, బయటికి వచ్చినంతసేపు లేదు. ముందు సీట్లో త్రినాథరావు ఫోను చూసుకుంటున్నాడు. పిఠాపురం దాటాం. కత్తిపూడి దాటాం. ఆయన ఒకే పేజీని పైకీ కిందకీ జరుపుతున్నాడు. అన్నవరం కొండ కనబడగానే అనంతలక్ష్మి ఒక చెయ్యి నామీదే ఉంచి, రెండో చేత్తో కిటికీలోంచి దణ్ణం పెట్టింది.

"స్వామీ, నోరులేనిది. ఏం తప్పు చేసిందని?"

ఆ మాటకు త్రినాథరావు ఫోను ఆపేశాడు. ఇంకో రెండు మైళ్ళు వెళ్ళాక "పక్కకు తియ్యి బాబూ" అన్నాడు డ్రైవరుతో.

"ఆగకూడదన్నారు కదండీ!" అంది అనంతలక్ష్మి.

దిగి నాలుగడుగులు దూరం నడిచాడు. వినపడకూడదనే నడిచాడు. కానీ లారీలు పోతున్న రోడ్డుమీద మనిషి గట్టిగా మాట్లాడక తప్పదు. కిటికీ అద్దం దించే ఉంది.

"అమ్మా, నేను త్రినాథరావుని. గవ్వ... పిల్లి. నేనే వేశానమ్మా."

అవతల డాక్టరమ్మ ఏమందో మాకు వినపడలేదు.

"చుక్కల మందు. పసిపిల్లల జ్వరానికి వేసేది. మూడుసార్లు. తొమ్మిదింటికి, రెండింటికి, ఏడింటికి." కాసేపు విన్నాడు. "తెలుసమ్మా, ఆ విరుగుడు తెలుసు. మనుషులు బిళ్ళలు ఎక్కువ మింగితే వేసేదే కదా. నా షాపులో లేదు. తునిలో దొరుకుతుంది. నేను తెప్పిస్తాను." ఇంకాసేపు విన్నాడు. చివరికి, "కోప్పడండమ్మా, పర్వాలేదు" అన్నాడు. ఆమె కోప్పడలేదనుకుంటాను, ఎందుకంటే ఆయన మొహం ఇంకా వాడిపోయింది.

తిరిగొచ్చి కూర్చున్నాడు. వెనక్కి తిరగలేదు. అనంతలక్ష్మి అద్దం పైకెత్తింది. ఆవిడ వేళ్ళు నా అంచును ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, ఒక పాత బద్ద చిట్లింది.

తునిలో ఆయనకు తెలిసిన హోల్‌సేల్ వ్యాపారి ఉన్నాడు. ఆదివారం కనక షాపు మూసి ఉంది. కబురందుకుని లుంగీమీదే వచ్చి షట్టరు ఎత్తాడు. విరుగుడు ఇంజెక్షన్లు పది, ఐసు ముక్కల మధ్య పెట్టి ఇచ్చాడు.

"ఎవరికండీ, ఇంత అర్జెంటు?" అని అడిగాడు.

"మా ఇంట్లో మనిషికి."

అది కూడా పూర్తి నిజం కాదు. కానీ అంతకంటే నిజం ఆ క్షణాన ఆయన నోట రాలేదు.

విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టర్ ఆనందమోహన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. గవ్వను నాలోంచి తీసి రెండు చేతులమీద లోపలికి తీసుకుపోయాడు. నేను ఖాళీగా బెంచీ కింద ఉండిపోయాను. నా మూత తీసే ఉండటంవల్ల కొంత చూడగలిగాను. అద్దాల పెట్టెలాంటి దానిలో గవ్వను పెట్టారు. పెట్టెలోకి ఆక్సిజన్ వదిలారు. కాలి నరానికి సూది గుచ్చి, మేం తెచ్చిన విరుగుడు ఎక్కించారు.

ఒక కాగితం తెచ్చి ఏం జరిగిందో రాయమన్నారు. త్రినాథరావు ముత్యాల్లాంటి అక్షరాలతో అంతా రాశాడు. ఏ మందు, ఎంత, ఎన్నిసార్లు. 'వేసినవారు' అన్నచోట ఒక క్షణం ఆగి, తన పేరు రాశాడు. ఆనందమోహన్ ఆ కాగితం నిలబడే చదివాడు.

"మీరు ఇది చెప్పబట్టి మాకు దారి దొరికింది."

"పొద్దున్నే చెప్పుంటే?"

డాక్టరు కాగితం మడిచాడు. "మూడు గంటలు కలిసొచ్చేవి. ఆ మూడు గంటల్లో ఎంత నష్టం జరిగిందో నేను కొలిచి చెప్పలేనండీ" అన్నాడు.

అబద్ధమాడితే బాగుండునని త్రినాథరావు కోరుకున్నాడేమో. ఆ డాక్టరుకు ఆ అలవాటు లేనట్టుంది.

సోమవారం మరీ కష్టంగా గడిచింది. వాపు కాస్త తీసింది కానీ రక్తం నిలవడం లేదన్నారు. కణాలు వాటంతట అవే పగిలిపోతున్నాయట. చెవుల లోపలి భాగం కాగితంలా తెల్లగా అయింది, దానిమీద పసుపు. గవ్వ తల ఎత్తడం మానేసింది. మరో పిల్లి రక్తం ఎక్కించాలన్నాడు ఆనందమోహన్.

"పిల్లులకూ గ్రూపులుంటాయా బాబూ?" అంది అనంతలక్ష్మి.

"ఉంటాయమ్మా. తప్పు గ్రూపు ఎక్కితే ప్రాణానికే ముప్పు."

ఆ ఆసుపత్రిలోనే ఒక గండుపిల్లి ఉంది. పేరు సింహాచలం. ఎర్రమచ్చలు, తలుపు సందులో పట్టనంత ఒళ్ళు. ఎప్పుడో ఎవరో కాలు విరిగిందని తెచ్చి వదిలేసి పోతే అక్కడే స్థిరపడింది. దాని గ్రూపూ గవ్వ గ్రూపూ ఒకటేనని తేలింది. మత్తిచ్చి, మెడ దగ్గర వెంట్రుకలు గొరిగి, రక్తం తీశారు. ఆ చిన్న సంచీలోని ఎరుపును అనంతలక్ష్మి కళ్ళార్పకుండా చూసింది. ఆ రెండు రోజుల్లో ఆవిడ చూసిన ఎర్రటి రక్తం అదొక్కటే.

చుక్కచుక్కగా ఎక్కిస్తున్నంతసేపూ ఇద్దరూ నేనున్న బెంచీ మీదే కూర్చున్నారు. ఆయన ఒక చివర, ఆవిడ ఒక చివర. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆయనే ముందు నోరు విప్పాడు.

"తెలియక వేశాను లక్ష్మీ. పసిపిల్లలకేసేదే కదా అనుకున్నాను."

"మందేసినందుకు కాదండీ." ఆవిడ గొంతు చిన్నగా ఉంది. "జ్వరం చూసి ఓర్చుకోలేక వేశారు. నేనున్నా మీరేం చెబితే అదే వేద్దును. కానీ డాక్టరమ్మ అడిగినప్పుడు నేను మీ మొహం చూశాను. మీరూ నన్ను చూశారు. ఇది నా చేతుల్లో ఊపిరాడక కొట్టుకుంటుంటే, మీకు మీ షాపు పేరు గుర్తొచ్చింది."

ఆయన ఆవిడవైపు జరిగాడు.

"ఇంకేం చెప్పకండి. అది లేచేదాకా నాతో మాట్లాడకండి."

ఆయన లేచి నడవా చివరికి వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వీపు కదులుతోంది. మనిషి ఏడుస్తున్నాడో దగ్గుతున్నాడో వీపు చూసి చెప్పడం కష్టం. ఆయన మామూలుగా దగ్గే మనిషి కాదు.

మంగళవారం సాయంత్రం గవ్వ చిగుళ్ళు కాస్త రంగుదేరాయి. బుధవారం తల ఎత్తింది. కాలేయం దెబ్బతిందనీ, అది కోలుకునేదాకా మాట ఇవ్వలేననీ ఆనందమోహన్ అంటూనే ఉన్నాడు. గురువారం పొద్దున్న అద్దాల పెట్టె తలుపు తీసి, ఉడికించిన కోడిమాంసం పీచులుగా చేసి పెట్టారు. వాసన చూసి మొహం తిప్పుకుంది. అనంతలక్ష్మి వేలికి కాస్త రాసుకుని దాని మూతి దగ్గర పెట్టింది. చాలాసేపు అలాగే పెట్టి ఉంచింది. గవ్వ ఒకసారి నాకింది. ఆగింది. మళ్ళీ నాకింది.

"తింటోంది" అంది అనంతలక్ష్మి, ఎవరితోనో.

తలుపు దగ్గర త్రినాథరావు నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

శనివారం ఇంటికి పంపించారు. గవ్వ సగానికి సగం చిక్కినట్టు కనిపించింది. నాలోకి ఎక్కమంటే మాత్రం ఎక్కలేదు. నన్ను చూసి వీపు విల్లులా వంచి బుస్సుమంది. నాలో ఎంత ఫినాయిలు పోసి కడిగినా ఆ రోజుల వాసన దానికి తెలుస్తూనే ఉన్నట్టుంది. నేను చేసిన తప్పేమీ లేదు. అయినా నొచ్చుకోలేదు. కారులో అది అనంతలక్ష్మి ఒళ్ళో వచ్చింది, నేను డిక్కీలో వచ్చాను.

త్రినాథరావును మాత్రం అది దూరం పెట్టలేదు. ఇంటికొచ్చిన మూడోరోజు తనంతట తనే వెళ్ళి ఆయన ఒళ్ళో పడుకుంది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. కాలు తిమ్మిరెక్కినా, షాపు తెరిచే వేళ దాటినా, ఎవరో బయటనుంచి పిలిచినా కదల్లేదు. పిల్లికి క్షమించడం తెలియదనుకుంటాను. కోపం దాచుకోవడమూ తెలియదు. అంచేత ఆయనకు ఆ ఒడిలో బరువు మరీ ఎక్కువగా తోచింది.

వంటింట్లోంచి చూసిన అనంతలక్ష్మి లోపలికి వెళ్ళిపోయింది. "అన్నం పెట్టేశాను", "గ్యాసు అయిపోయింది", "అమ్మాయి ఫోను చేసింది". ఆవిడ ఆయనతో మాట్లాడే మాటలు ఆ తరువాత అంతవరకే.

గవ్వకు అక్కర్లేని నన్ను త్రినాథరావు షాపుకు పట్టుకుపోయాడు. గడువు దాటిన మందులు కంపెనీకి తిప్పి పంపేదాకా పడెయ్యడానికి ఒక బుట్ట కావాలి. అలా ఒక మూల కూర్చున్నాను. అక్కడ కూర్చుని విన్నదాన్నిబట్టే ఇంకో సంగతి తెలిసింది. పిల్లికేమైందని వీధిలో వాళ్ళు అడుగుతుంటే అనంతలక్ష్మి "బల్లిని తిన్నదంట" అని చెబుతోంది. సామర్లకోట అక్కగారికీ అదే చెప్పింది. తిరుపతిలో ఉన్న కూతురికీ అదే. "బల్లి తింటే అంతవుతుందా డాక్టరుగారూ?" అని షాపుకొచ్చిన ఒకాయన అడిగితే, త్రినాథరావు చేతిలో ఉన్న మందుల చీటీ కింద పడింది. భార్య తనకోసం ఊరంతా అబద్ధమాడుతోందని ఆయనకు అప్పుడే తెలిసింది. "ఏమోనండీ" అన్నాడు. ఆరోజు రెండుసార్లు చిల్లర తప్పు ఇచ్చాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం రేవు వైపునుంచి నూకాలమ్మ అనే ఆమె వచ్చింది. చేపలు అమ్ముకునే మనిషి. పైట చెంగులో ఏదో పొదివి పట్టుకుంది.

"డాట్రుబాబూ, ఒళ్ళు కాలిపోతన్నాది. సిన్నపిల్లలకేసే సుక్కల మందియ్యి."

"ఎన్ని నెలల పిల్ల?"

"పిల్ల కాదు బాబూ, పిల్లికూన. మా మనవరాలు పెంచుకుంటన్నాది. పొద్దుట్నుంచి అన్నం మానేసి అదీ ఏడుత్తన్నాది."

షాపులో ఇంకో నలుగురున్నారు. త్రినాథరావు చెయ్యి అలవాటుగా అలమరలోకి వెళ్ళి, ఆ చిన్న సీసాను తాకి, వెనక్కి వచ్చింది.

"ఇవ్వనమ్మా. అది వేస్తే చచ్చిపోతుంది."

"అదేటి బాబూ? పసిబిడ్డలకి యేత్తారు కదా?"

"నేనూ అలాగే అనుకున్నాను." బల్లమీద రెండు చేతులూ ఆనించాడు. "మా గవ్వకు నేనే వేశాను, మూడుసార్లు. తెల్లారేసరికి దాని రక్తం చాక్లెట్ రంగయింది. డాక్టరమ్మ అడిగితే, వెయ్యలేదన్నట్టు మాట్లాడాను. పరువు పోతుందని. దారిలో చెప్పాను గానీ, అప్పటికే చాలా ఆలస్యం చేశాను. బల్లీ లేదు, గిల్లీ లేదు. అది చావబోయింది నా చేతుల్లోనే. ఇంకో పిల్లి రక్తంతో బతికింది."

వాళ్ళలో ఒకాయన అనుమానంగా తాను కొన్న దగ్గుమందు సీసా తిప్పి చూసుకున్నాడు.

గుమ్మంలో అనంతలక్ష్మి నిలబడి ఉంది. చేతిలో భోజనం కేరేజీ. ఎప్పటినుంచి ఉందో నేను చూడలేదు. ఆయనా అప్పుడే చూశాడు. చూసి తల దించుకోలేదు.

"పశువుల డాక్టరమ్మ గాంధీనగర్‌లో ఉంటుంది. ఇప్పుడే వెళ్ళు" అన్నాడు నూకాలమ్మతో.

"నాకు దారి తెలవదు బాబూ. ఆ డాట్రమ్మ నాలాంటోళ్ళని రానిత్తాదా?"

త్రినాథరావు నన్ను ఎత్తి, నాలోని గడువు దాటిన మందులన్నిటినీ బల్లమీద కుమ్మరించాడు. అడుగున పేపరు పరిచి, దానిమీద తన భుజంమీది తువ్వాలు వేసి, కూనను పడుకోబెట్టాడు. అరచేతిలో పట్టేంత ఉంది. వేడిగా ఉంది.

"నేను తీసుకెళ్తాను పద." అనంతలక్ష్మి వైపు తిరిగాడు. "షాపు... కాసేపు..."

"వెళ్ళండి. నేను కూర్చుంటాను" అంది ఆవిడ. కేరేజీ కింద పెట్టి, కాస్త ఆగి, "మీరొచ్చాకే తింటాను" అంది.

ఆయన నన్ను పట్టుకుని మెట్టు దిగాడు. అప్పుడు వెనకనుంచి మళ్ళీ ఆవిడ గొంతు.

"ఏవండీ, అక్కకి ఫోన్ చేసి నిజం చెప్పేస్తాను. ఇన్నాళ్ళూ ఆ అబద్ధం నాకు గొంతులో ముల్లులా ఉందండీ."

ఆయన తిరిగి చూశాడు. రెండు నెలల తరువాత ఆవిడ అంత పొడుగు మాట ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

"చెప్పు లక్ష్మీ. అమ్మాయికి మాత్రం నేనే చెబుతాను" అన్నాడు.

కూనకు నాలుగు రోజుల్లో తగ్గింది. డాక్టర్ షాహిదా ఇచ్చిన మందు వేరే. నన్ను తిరిగిమ్మని త్రినాథరావు అడగలేదు. ఇప్పుడు రేవు దగ్గర నూకాలమ్మ ఇంట్లో ఉంటున్నాను. ఉప్పుగాలికి నా బద్దలు ఒక్కొక్కటే వదులవుతున్నాయి. ఇంకో రెండు వర్షాకాలాలు నిలుస్తానేమో. కూన మాత్రం నాలో నిండుగా పడుకుంటోంది. ఆ భార్యాభర్తలు తరువాత ఎలా ఉన్నారో చూసే వీలు నాకు మళ్ళీ రాలేదు.

ఆరోజు మేం ఎక్కిన ఆటో కదులుతుండగా వెనక షాపులోంచి వినపడిన మాటలే నాకు తెలిసిన చివరి సంగతి. అనంతలక్ష్మి ఫోన్లో, వీధి వీధంతా వినపడేట్టు మాట్లాడుతోంది: "అక్కా, నేను లక్ష్మిని. ఆ బల్లి సంగతి చెప్పాను చూడూ, అదంతా అబద్ధం. మీ మరిదిగారే నిజం చెప్పమన్నారు. విను..."